సమస్య: "గెలిచి చచ్చె నొకఁడు, నిలిచె నోడి"

నిర్వాహకుడు: 1959 ఫిబ్రవరి 3న అమెరికాలోని అయోవాలో జరిగిన విమాన ప్రమాదం గురించి చదువుతుంటే ఈ పాదం దానంతటదే వచ్చింది. విమాన ప్రమాదాల్లో పోయిన గాయకులు, బృందాల మీదే పూరించండి.

తంత్రి:
నాణె మెగురవేసి నాల్గవ సీటుకై
మంచురేయి నెగిరె మించు వేడుకన్
పదియు నేడు వయసు బాలుండు వాలెన్సు
గెలిచి చచ్చె నొకఁడు, నిలిచె నోడి

రాక్ గాయకుడు బడ్డీ హాలీ మాట్లాడుకున్న చిన్న విమానంలో చోటు కోసం గాయకుడు రిచీ వాలెన్స్, గిటారిస్టు టామీ ఆల్సప్ బొమ్మా బొరుసూ వేసుకున్నారు. ఓడిన ఆల్సప్ బతికాడు.

మేఘమాల: రెండో పాదం చివర సూర్యగణం ఉండాల్సిన చోట రగణం పడింది. "వేడ్క" అంటే సరిపోయేది. పేరు చెప్పేశాక మళ్ళీ "ఒకఁడు" ఎవరు? భావం మాత్రం గుండెకు తగిలింది.

తంత్రి: వేడ్క అనే చదువుకోండి. తప్పు నాదే.

నీరవం:
చలికి గడ్డకట్టు సరసులోఁ గూలఁగా
మెత్తఁ బట్టి తేలె మిత్రుఁ డొకఁడు
మొదటి మెట్టు కెక్కె మునిఁగిన పాటయే
గెలిచి చచ్చె నొకఁడు, నిలిచె నోడి

తంత్రి: సీటు మెత్తను పట్టుకుని తేలిన వాద్యకారుడు బెన్ కాలీ కళ్ళముందే ఉన్నాడు నీరవం గారూ. కానీ ఆ ప్రమాదంలో గాయకుడు ఓటిస్ రెడ్డింగ్ పోయింది 1967 డిసెంబరు 10న. ఆయన పాట మొదటి స్థానానికి చేరింది 1968లో. ఆయన చచ్చి గెలిచాడు. సమస్యలో క్రమం వేరు.

నీరవం: నిజమే, క్రమం తప్పింది. "ఓడి" కోసమే రాశానండీ. కాలీకి ఈత రాదు. ఆ మంచునీళ్ళలో తోటివాళ్ళ కేకలు వింటూ తేలాడు. ఆ విమానంలో ఉన్నవాళ్ళలో మిగిలింది అతనొక్కడే.

మేఘమాల:
ఇంధనమ్ము లేక యింజను లాఁగంగ
నడవి కొమ్మలందు నార్వు రొరుగ
చక్కఁ జూచి దాని జట్టొండు వద్దనె
గెలిచి చచ్చె నొకఁడు, నిలిచె నోడి

ఇది లినర్డ్ స్కినర్డ్ అనే అమెరికన్ రాక్ బృందానికి జరిగిన ప్రమాదం, మిసిసిపీ, 1977 అక్టోబరు 20. వాళ్ళ కొత్త ఆల్బమ్ విడుదలై అప్పటికి మూడు రోజులే. అదే కాన్వేర్ విమానాన్ని ఏరోస్మిత్ అనే మరో రాక్ బృందం మనుషులు ముందే చూసి వద్దన్నారు. "ఓడి" అంటే ఇక్కడ వెఱచి.

తంత్రి: ఆరుగురని లెక్క చెప్పి "ఒకఁడు" అంటారా? నన్ను పట్టుకున్న తప్పే కదా! కిందటిసారి వాన సమస్యలోనూ మీరు ఏకవచనం, బహువచనం కలిపేశారు. అప్పుడెవరూ అడగలేదు.

మేఘమాల: వానలో జారిన మాట ఒప్పుకుంటాను, ఇది ఒప్పుకోను. ఒకఁడంటే రానీ వాన్ జాంట్. బృందానికి గొంతు ఆయనే.

నిర్వాహకుడు: పాదం ఇచ్చినప్పుడు "ఓడు"కు వెఱపు అర్థం నాకు తట్టనే లేదు. ఆ ఒక్క మాటకే మేఘమాల గారి పూరణ ముందుంటుంది. తంత్రి గారూ, మీ మూడో పాదం ఒక్కటీ మార్చి చూడండి.

తంత్రి: పేరు తీసేశాను.
"పదియు నేడు వయసు, పందెమ్ము పండెను"