గోలీ మొదటి రోజే పనిచేస్తదంటరు, మరి మా అక్కకు ఇంకా దడ ఎందుకు?

నర్సంపేట తమ్ముడు:
అందరికీ నమస్తే. మా అక్కకు ఎండాకాలం సంది నిద్ర లేదు, తిండి మీద మనసు లేదు. బావ ఎనుమాముల మార్కెట్ల పత్తి అమ్మి వచ్చుడు కొంచెం లేటయితే చాలు, గుండె దడ, చేతులు చల్లబడుడు. హన్మకొండల మానసిక డాక్టర్‌కు చూపిస్తే ఎస్సిటాలోప్రామ్ రాసిండు, రాత్రికి కొన్నాళ్లు మాత్రం క్లోనాజెపామ్ అన్నడు. వారం దాటింది. ఇప్పుడు వికారం, దడ ఇంకా ఎక్కువైనయి. "అవి పిచ్చోళ్ల గోలీలు, ఆపెయ్యి" అంటది మా పెద్దమ్మ. మెదడు కణాల మధ్య కబురు మోసే సెరటోనిన్ అనే రసాయనాన్ని కణం తిరిగి పీల్చుకోకుండా ఎస్సిటాలోప్రామ్ మొదటి గోలీతోనే అడ్డుకుంటదని చదివిన. మరి గుణం రావడానికి వారాలెందుకు? వికారం మాత్రం వెంటనే ఎందుకు?

ఫార్మకాలజీ మేడం, హన్మకొండ:
తమ్ముడూ, ముందు గోలీలు ఆపించకు. దడ పెరిగిందని రేపే డాక్టర్‌కు చెప్పండి. మోతాదు తగ్గించి మెల్లగా పెంచడం వాళ్లకు మామూలే. చచ్చిపోవాలనే మాట అక్క నోట వస్తే మాత్రం రేపటిదాకా ఆగకుండా అప్పుడే ఆసుపత్రికి తీసుకుపోండి. ఏ వేళయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు.

నువ్వు చదివింది నిజమే. కానీ సెరటోనిన్ తయారుచేసే కణాలు మెదడు కాండంలో, రాఫే కేంద్రకాల్లో ఉంటాయి. ఆ కణాల మీదే 5-హెచ్‌టీ1ఏ గ్రాహకాలున్నాయి, అంటే సెరటోనిన్‌ను పట్టుకుని కణానికి కబురు చెప్పే ప్రోటీన్లు (5-హెచ్‌టీ అంటే సెరటోనినే). చుట్టూ సెరటోనిన్ పెరగగానే అవి ఆ కణానికే బ్రేకు వేస్తాయి. అందుకే మొదట్లో ముందుమెదడుకు చేరే సెరటోనిన్ అనుకున్నంత పెరగదు. రోజూ మందు పడుతుంటే రెండు మూడు వారాల్లో ఆ గ్రాహకాలు మొద్దుబారి బ్రేకు వదులుతుంది. కణాల మధ్య కొత్త సంబంధాలు ఏర్పడటానికి పట్టే సమయం కూడా ఇందులో ఉంది. ఈ బ్రేకును ముందే తీసేద్దామని 1990లలో పిండోలోల్ అనే బీపీ మందు కలిపి చూశారు. కొన్ని పరీక్షల్లో గుణం తొందరగా కనబడింది, కొన్నింట్లో తేడా లేదు.

వికారం సంగతి వేరు. ఒంట్లోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగుల్లోనే ఉంటుంది. అక్కడి 5-హెచ్‌టీ3 గ్రాహకం నేరుగా అయాన్లను లోపలికి వదిలే ద్వారం, మిగతా సెరటోనిన్ గ్రాహకాల్లా జీ-ప్రోటీన్ అనే మధ్యవర్తి ద్వారా నడిచేది కాదు. అందుకే కడుపులో తిప్పడం అంత తొందరగా మొదలవుతుంది. చాలామందికి ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది. తిన్నాక వేసుకుంటే కొంత నయం. వాంతులకని ఒండాన్‌సెట్రాన్ మీరే కొని కలపొద్దు. అది ఈ 5-హెచ్‌టీ3నే మూస్తుంది, నిజమే, కానీ ఎస్సిటాలోప్రామ్‌తో కలిస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది.

పెద్దమ్మ మాటకు కోపం తెచ్చుకోకు, కూర్చోబెట్టి చెప్పు. ఆ ఒక్క మాటతో మందు మధ్యలో మానేసి మళ్లీ కుంగిపోయినవాళ్లు నా విద్యార్థుల ఇళ్లలోనే ఉన్నారు. నాకు అన్నిటికన్నా బాధ అదే.

పరకాల నుంచి:
మేడం, నాకు ఆందోళనకు బస్పిరోన్ ఇచ్చిన్రు. అది నేరుగా 5-హెచ్‌టీ1ఏ మీదనే పనిచేస్తదట గదా, మరి అదెందుకు లేటు? నడుము నొప్పికి ట్రమడోల్ గూడ వాడుతున్న.

ఫార్మకాలజీ మేడం, హన్మకొండ:
అన్నా, బస్పిరోన్ ఆ గ్రాహకాన్ని పూర్తిగా కాక కొంతమేరకే ప్రేరేపిస్తుంది. రాఫే కణాల మీద కూడా పడుతుంది కాబట్టి దీనికీ ఆ ఆలస్యం తప్పదు. క్లోనాజెపామ్ మెదడును శాంతపరిచే గాబా అనే రసాయన వ్యవస్థ మీద పనిచేస్తుంది, అందుకే గంటలో నెమ్మది. దానికి అలవాటు పడే భయముంది, బస్పిరోన్‌తో అది లేదు. ఆందోళన నెలల తరబడి ఉండేవాళ్లకు అందుకే నాకు బస్పిరోన్ మంచి మందనిపిస్తుంది.

ట్రమడోల్ సంగతి మాత్రం ఇవాళే మీ డాక్టర్‌కు చెప్పండి. అది కూడా సెరటోనిన్‌ను పెంచుతుంది. రెండూ కలిస్తే అరుదుగానైనా సెరటోనిన్ సిండ్రోమ్ రావచ్చు: వణుకు, విపరీతంగా చెమట, జ్వరం, కండరాలు బిగుసుకోవడం, మాట తికమక. అవి కనబడితే దగ్గర్లోని క్యాజువాల్టీకి పోండి, వేసుకునే గోలీల పట్టీలన్నీ వెంట పట్టుకుపోండి.