యానిమేషన్ చిత్రాలకు ఇంతటి ఆదరణ ఎందుకు?

ప్రశ్న: 2025లో విడుదలైన చైనా యానిమేషన్ చిత్రం ‘నే ఝా 2’ 200 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. పిల్లల బొమ్మల సినిమాలని చాలామంది తీసిపారేసే ఈ చిత్రాలకు ఇంతటి ఆదరణ ఎలా వస్తోందో తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1: పిల్లవాడు ఒంటరిగా థియేటరుకు రాడు, వెంట ఇంటిల్లిపాదీ వస్తారు కనుక ఒక్కరి ఇష్టానికి నాలుగు టికెట్లు తెగుతాయి. పైగా మాటలను మరో భాషలో చెప్పించినా, బొమ్మ పెదవుల కదలిక ప్రేక్షకుణ్ణి అంతగా ఇబ్బంది పెట్టదు.

జవాబు 2: ఆదాయం థియేటరుతో ఆగదు. 1995 నాటి ‘టాయ్ స్టోరీ’ పాత్రలు నేటికీ ఆటబొమ్మలుగా అమ్ముడవుతూనే ఉన్నాయి. నటుడికి వయసు మీద పడుతుంది గానీ బొమ్మకు పడదు.

జవాబు 3: శ్రమను మరువరాదు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున సాగే చిత్రంలో, గాలికి కదిలే జుట్టు మొదలుకొని కంటిపాపలోని మెరుపు వరకు ప్రతిదీ ఎవరో ఒకరు తీర్చిదిద్దవలసిందే. ఆ కళాకారులకు తగినంత పేరు దక్కడం లేదన్నదే నా బాధ.