డిసెంబరులో కేదార్‌కంఠ: ఆడవాళ్ళ చలి బట్టలు హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతాయి?

మియాపూర్‌మెట్లు:
డిసెంబరు చివరి వారం కేదార్‌కంఠ వెళ్తున్నా. ఉత్తరాఖండ్ హిమాలయాల్లో శిఖరం, 3,810 మీటర్లు. ఇంతవరకు భువనగిరి కోట, అనంతగిరి తప్ప ఏమీ ఎక్కలేదు, మంచు చూడబోయేది ఇదే మొదటిసారి. ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం, బరువు 52 కిలోలు. రెండు ఆదివారాలు దుకాణాల చుట్టూ తిరిగా. మగవాళ్ళ జాకెట్లు గోడ నిండా ఉన్నాయి, ఆడవాళ్ళవి రెండే రకాలు, అందులోనూ చిన్న సైజు అయిపోయింది. ఎమ్ తొడుక్కుంటే చేతులు గోళ్ళు దాటి వేలాడాయి. జాకెట్, ప్యాంటు, గ్లవ్స్ ఏవి తీసుకోవాలి? ఇంకోటి, ఇన్ని పొరలు వేసుకున్నాక మంచులో ఒంటికి వెళ్ళాలంటే ఎలా? ఆడవాళ్ళు చెబితే బాగుంటుంది.

చలిపులి:
నేను రెండుసార్లు వెళ్ళొచ్చా. మగవాళ్ళ ఎస్ సైజు తీసేసుకోండి, పెద్ద తేడా ఏం ఉండదు, జేబులు కూడా ఎక్కువ. శిఖరం రోజు అర్ధరాత్రి దాటగానే లేపేస్తారు. హెడ్‌ల్యాంప్ మంచిది కొనండి, అందరూ దాన్నే మర్చిపోతారు.

తార్నాకఅక్క:
తేడా ఉండదా? నాలుగేళ్ళ కింద మా ఆయన జాకెట్ వేసుకునే వెళ్ళా నేను. భుజాల దగ్గర వదులు, తుంటి దగ్గర బిగుతు. వంగిన ప్రతిసారీ అంచు నడుం మీదికి ఎక్కేది. దారిలో ఉండే జూడా కా తాలాబ్ అనే చెరువు దాటాక గాలి మొదలైంది. ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు పళ్ళెం వీపుకు ఆనించినట్టే ఉంది పైదాకా. జాకెట్ వేడి పుట్టించదు తమ్ముడూ, మన ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది, అంతే. లోపల ఖాళీ ఉంటే ఆ గాలి వేడెక్కేలోపే కిందినుంచి జారిపోతుంది.

మియాపూర్ అమ్మాయీ, లోపల ఫ్లీస్ (మెత్తటి నూగు స్వెట్టర్) వేసుకునే జాకెట్ తొడిగి చూడు. రెండు చేతులూ పైకెత్తు. నడుం బయటపడితే అది వద్దు. స్లీపింగ్ బ్యాగ్ అద్దెకు తీసుకున్నా సరే, దాని మీది అంకెలు చదువు. ఎంత చలిదాకా హాయిగా పడుకోవచ్చో చెప్పేది కంఫర్ట్, ఎంత చలిదాకా ఎలాగోలా ఓర్చుకోవచ్చో చెప్పేది లిమిట్. ఆ అంకెల ప్రమాణంలో కంఫర్ట్ లెక్క ఆడమనిషిని బట్టి కట్టారు, లిమిట్ లెక్క మగమనిషిని బట్టి. లిమిట్ మైనస్ పది అని చూపించి ఇస్తే మనకు ఆ రాత్రి నిద్ర ఉండదు.

గొంగడిమనవడు:
అందరు ఈకల జాకెట్ల ఎన్కనే పడ్డరు. మా తాత గొర్లు కాసెటోడు. వాన వడ్తున్నా గొంగడి కప్పుకొని చేన్లనే పండెటోడు, జరం రాకపోతుండె. ఉన్ని తన బరువుల మూడో వంతు దాక నీళ్ళు పీల్చుకున్నా ఒంటికి తడి తెల్వనియ్యది. ముందుగాల ఉన్ని గురించి చెప్పుండ్రి ఆమెకు.

ఉత్తరకాశి28:
నేను ఉత్తరకాశి నెహ్రూ పర్వతారోహణ ఇన్‌స్టిట్యూట్‌లో బేసిక్ కోర్సు చేశాను, ఎ గ్రేడ్. గొంగడితో మంచు ఎక్కుతారా? ఇలాంటి సలహాల వల్లే మనుషులు ప్రమాదంలో పడతారు. ఒంటికి అంటుకుని పాలిస్టర్ థర్మల్, దాని మీద ఫ్లీస్, ఆగినప్పుడు డౌన్ (ఈకల) జాకెట్, గాలి, మంచు పడితే అన్నిటిమీదా షెల్, అంటే గాలీ తడీ దూరని పల్చటి పైజాకెట్. కాటన్ ఒక్క పోగు కూడా వద్దు, లోదుస్తులతో సహా. చెమటతో తడిసిన కాటన్ ఆరదు, ఒంట్లో వేడి లాగేస్తుంది. నడిచేటప్పుడు డౌన్ వేసుకోకూడదు. చెమటకు ఈకలు ముద్ద కట్టాయంటే అది ఇక జాకెట్ కాదు, తడి దిండు.

గొంగడిమనవడు:
చదివి మాట్లాడన్నా. గొంగడి కప్పుకొని కొండెక్కమని నేనెక్కడ రాసిన? ఉన్ని అన్న. మీరు వేలు పోసి కొనే మెరీనో గూడ గొర్రె ఒంటి మీదికెళ్ళే వస్తది. మా కురుమోళ్ళు దక్కని గొర్రెల నల్ల ఉన్ని వడికి, చింతగింజల గంజి పెట్టి నేస్తరు. ఆ పని తెల్వకుండ తక్కువ జేసి మాట్లాడకు.

ఉత్తరకాశి28:
తక్కువ చేయలేదు. మెరీనో బనియన్ మంచిదే, నాలుగు రోజులు వేసుకున్నా వాసన రాదు. కానీ ధర ఎక్కువ, ఆరడం ఆలస్యం. మొదటిసారి వెళ్ళే మనిషికి పాలిస్టర్ చాలు. గొంగడి బరువు మోసుకుని ఒక్క క్యాంపు ఎక్కి చూపించండి, ఒప్పుకుంటా.

గొంగడిమనవడు:
మల్లా గదే మాట. నీ గ్రేడు నీ దగ్గర్నే పెట్టుకో.

బోనగిరిబండ:
కోర్సుల గొప్పలు ఎందుకు సార్. మా భువనగిరి బండ మీద నేర్చుకున్న పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. పదమూడేళ్ళ పదకొండు నెలలు. గురుకులంలో చదివిన తెలంగాణ ఆడపిల్ల. ముందు మన బండ మీద ఆర్నెల్లు ఎక్కండి, బట్టల సంగతి తర్వాత.

చలిపులి:
అప్పటికి తెలంగాణ రాలేదు కదా. జూన్ 2న వచ్చింది.

బోనగిరిబండ:
వారం తేడాకు పిల్లది మాది కాకుండా పోతదా? నిజామాబాద్ జిల్లా పాకాలల పుట్టింది. రాష్ట్రం కాగితం మీద ఎప్పుడొచ్చిందో అడిగి కొండెక్కుతరా?

తార్నాకఅక్క:
మీరంతా ఆపండి. ఆ అమ్మాయి అడిగిందేమిటి, మీరు రాస్తున్నదేమిటి? పూర్ణను చూసి నేను కూడా గర్వపడ్డా, కానీ ఇక్కడ ఎస్ సైజు దొరకక ఒక మనిషి తిరుగుతోంది.

లోయకోయిల:
ఒంటికి వెళ్ళే సంగతి ఎవరూ ముట్టుకోలేదు, నేను చెబుతా. పైప్యాంటుకు పక్కన నిలువునా జిప్ ఉన్నది చూడండి, బూట్లు విప్పకుండా తీసెయ్యొచ్చు. పొడుగు ఫ్లీస్ లోపల వేసుకుంటే కూర్చున్నప్పుడు నడుం కప్పుతుంది. నిలబడే పోసుకునే గరాటు లాంటిది ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, కానీ ఇంట్లో బాత్రూమ్‌లో కనీసం అయిదారుసార్లు అలవాటు చేసుకోండి. మొదటిసారే గుడారం బయట ప్రయత్నిస్తే థర్మల్ తడుస్తుంది, మైనస్ ఎనిమిదిలో అది ఆరదు. నాకు జరిగింది, తెల్లారేదాకా ఏడ్చాను. నెలసరి వచ్చే రోజులైతే జిప్ కవర్లు నాలుగు పెట్టుకుని, వాడిన ప్యాడ్లు వెనక్కే తెండి, మంచులో పాతొద్దు. బయటికి వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు మానేయకండి. తలనొప్పి వస్తే అది ఎత్తు వల్లో నీళ్ళు చాలకో గైడుకు కూడా తెలీదు.

సూదిదారం:
నేను కుట్టుపని చేస్తాను, అది మాత్రమే చెబుతా. 1975లో ఎవరెస్ట్ ఎక్కిన మొదటి మహిళ జుంకో తబేయి బృందం డబ్బులు చాలక కారు సీటు తొడుగుల గుడ్డతో చేతులకు పైతొడుగులు కుట్టుకున్నారు. మనకు సైజు దొరకలేదని ఆగక్కర్లేదు. అయితే డౌన్ జాకెట్‌ను ఏ టైలర్ చేతికీ ఇవ్వకండి. సూది పడిన ప్రతి చిల్లులోంచీ ఈకలు వస్తాయి, కత్తెర పెడితే గది నిండా ఎగురుతాయి. సింథటిక్ దూది జాకెట్ అయితే చేయొచ్చు. మణికట్టు పట్టీ విప్పి, చేతిని రెండంగుళాలు కోసి, అదే పట్టీ మళ్ళీ వెయ్యాలి. మడిచి కుట్టేస్తే గ్లవ్ లోపలికి దూరదు.

చలిపులి:
గ్లవ్స్ బదులు మిట్టెన్లు. నాలుగు వేళ్ళూ ఒకే సంచిలో ఉంటే ఒకదాని వేడి ఒకదానికి తగులుతుంది. లోపల పల్చటి లైనర్ గ్లవ్స్ వేసుకోండి, బూటు తాడు కట్టుకోవడానికి మిట్టెన్ తీసినా వేళ్ళు బయటపడవు. తార్నాక అక్కా, జాకెట్ విషయంలో మీ మాటే నిజం. నా కొలతలతో చెప్పేశాను.

మియాపూర్‌మెట్లు:
అందరికీ థాంక్స్. నిన్న మళ్ళీ వెళ్ళా. పిల్లల విభాగంలో పద్నాలుగేళ్ళ సైజు సింథటిక్ జాకెట్ తొడిగి, అక్క చెప్పినట్టు చేతులు పైకెత్తి చూశా. భుజాలు సరిగ్గా కూర్చున్నాయి, నడుం బయటపడలేదు, టైలర్ పని కూడా లేదు. పాలిస్టర్ థర్మల్ రెండు జతలు, మిట్టెన్లు తీసుకున్నా. మెడకు మాత్రం మా నాన్నమ్మ ఉన్ని మఫ్లరే, గొంగడిమనవడు గారూ. పక్క జిప్ ప్యాంటు ఆడవాళ్ళ సైజులో ఎక్కడా లేదు.

తార్నాకఅక్క:
నా దగ్గర ఉందమ్మా, ఎస్ సైజే, ఒక్కసారి వాడింది. ఎడమ మోకాలి దగ్గర చిన్న అతుకు ఉంది, నీళ్ళు దిగవు. నాకు మెసేజ్ పెట్టి ఆదివారం పొద్దున మెట్రోలో వచ్చెయ్. మంచులో జారకుండా బూట్లకు తగిలించే స్పైకులు కూడా ఇస్తా, నీ బూట్లు తెచ్చుకో, కొలత చూద్దాం.