వరిగడ్డి తినే ఆవులకు ఎంజైములు కలిపితే అరుగుదల పెరుగుతుందా?

ప్రశ్న:
మా పది పాడి ఆవులకు వరిగడ్డే ప్రధానమైన మేత, పైన దాణా పెడుతున్నాము. పేడను జల్లెడలో వేసి నీళ్లతో కడిగి చూస్తే వేలి కణుపంత పొడవున్న గడ్డి పుడకలు, అక్కడక్కడ పగలని మొక్కజొన్న గింజలు కనిపిస్తున్నాయి. పీచును విడగొట్టే సెల్యులేజ్, జైలనేజ్ అనే ఎంజైములున్న పొడిని దాణాలో కలపమని కొందరు చెబుతున్నారు. కోళ్లకు ఎంజైములు మేలు చేస్తాయని తెలుసు గానీ, మొదటి పొట్ట నిండా సూక్ష్మజీవులున్న ఆవుకు వాటిని బయటి నుంచి ఇవ్వడంలో అర్థముందా?

సమాధానం 1:
మీ సందేహం సమంజసమైనదే. గింజల్లోని భాస్వరాన్ని విడిపించి కోళ్లకు ఎంతో ఉపయోగపడే ఫైటేజ్ అనే ఎంజైము ఆవులకు చాలావరకు అనవసరం కావడానికి కారణం ఆ సూక్ష్మజీవులే. పీచును విడగొట్టే ఎంజైముల సంగతి కొంత వేరు. అమ్మకంలో ఉన్నవి ఎక్కువగా ట్రైకోడెర్మా, ఆస్పర్జిల్లస్ శిలీంధ్రాల నుంచి తీసినవి. వీటిలో చాలావాటికి పీహెచ్ (ఆమ్లత్వాన్ని తెలిపే కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4 నుంచి 5, వేడి 50 డిగ్రీల దగ్గర ఉంటే అనుకూలం, మొదటి పొట్టలో మాత్రం పీహెచ్ 6 దాటి, వేడి 39 డిగ్రీల దగ్గర ఉంటుంది. అందువల్ల డబ్బా మీద రాసిన, ఎంజైము బలాన్ని తెలిపే యూనిట్లను చూసి మురిసిపోకండి, వాటిని ఏ పీహెచ్ వద్ద కొలిచారో అడగండి. ఎంజైము కూడా మాంసకృత్తే కనుక, పొట్టలో అదీ అరిగిపోతుంది. నీటిలో కలిపి, మేపడానికి ముందే మేత మీద చల్లితే అది పీచుకు అంటుకొని మరికొంత సేపు నిలుస్తుంది. మోతాదు పెంచిన కొద్దీ ఫలితం పెరగదు, ఎక్కువైతే తగ్గవచ్చు కూడా.

సమాధానం 2:
వరిగడ్డి అరగడానికి అసలు అడ్డంకి లిగ్నిన్ (పీచును గట్టిగా పట్టి ఉంచే పదార్థం), సిలికా (ఇసుకలో ఉండే లాంటి ఖనిజం). పై రెండు ఎంజైములూ లిగ్నిన్‌ను కరిగించలేవు. అంతకంటే ముందు గడ్డిని యూరియాతో మాగబెట్టి చూడండి. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లుతూ తొక్కి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచాలి. అందులో పుట్టే అమ్మోనియా పీచు పట్టును సడలిస్తుంది, మాంసకృత్తుల విలువనూ పెంచుతుంది. మేపే ముందు ఘాటు పోయేలా ఆరబెట్టాలి, చిన్న దూడలకు పెట్టకూడదు. ఇక పగలని మొక్కజొన్న ఎంజైముల లోపం కాదు, గింజలను సరిగా పగలగొట్టని దాణా మర లోపం.

ప్రశ్న అడిగినవారు:
మర సంగతి నాకు తట్టనే లేదు, కృతజ్ఞతలండి. ఎంజైము కలిపిన గుళికల దాణా కూడా దొరుకుతోంది, అది వాడవచ్చా?

సమాధానం 1:
గుళికలు కట్టేటప్పుడు ఆవిరి వేడి 80 డిగ్రీల దాకా వెళ్తే, వేడికి తట్టుకునే రకం కాని ఎంజైము చాలావరకు చచ్చుబడుతుంది. గుళికలు చల్లారాక పైన చల్లినదా అని తయారీదారును అడగండి. ప్రయత్నించదలిస్తే, ఈని ఎక్కువ కాలం కాని ఆవులను ఎంచుకొని, సగం వాటికి మూడు వారాలు ఇచ్చి, తరువాత గుంపులను మార్చండి. రోజూ పాలతో పాటు గాటిలో మిగిలిన మేతను కూడా తూకం వేసి రాసుకోండి, ఎందుకంటే అరుగుదల మారకపోయినా తిండి పెరగడం వల్లనే పాలు పెరిగి ఉండవచ్చు.