పెళ్లి వంటలు వచ్చినవాడికి హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీ కావాలా?

నరసరావుపేట అక్క

మా నాన్న ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లకు వంటలు చేస్తారు. తమ్ముడు పదో తరగతి నుంచి సెలవుల్లో ఆయన వెంటే. రెండొందల మంది పులిహోరకి చింతపండు ఎంత నానబెట్టాలో అడిగితే తడుముకోకుండా చెప్తాడు. ఈ ఏడాది ఇంటర్ సీఈసీ పాసయ్యాడు. హైదరాబాద్‌లో తెలిసినవాళ్ల రెస్టారెంట్‌లో హెల్పర్‌గా రమ్మంటే వెళ్తానంటున్నాడు. నాన్న ఒప్పుకోవట్లేదు. "పొయ్యి దగ్గరే నా ఒళ్లు హూనమైంది, వీడైనా చదువుకుని తెల్లకోటు వేసుకోవాలి" అని ఒక ప్రైవేటు హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీ చూసొచ్చారు. మూడేళ్లకు హాస్టల్‌తో కలిపి ఐదు లక్షలు. అప్పు చేయాల్సిందే. ఈ పనిలో ఉన్నవాళ్లు చెప్పండి, ఎవరి మాట వినాలి?

కూకట్‌పల్లి సూ షెఫ్

తమ్ముడి మాటే వినండి అక్కా. నేను ఇంటర్ తప్పి కిచెన్‌లోకి వచ్చాను. మొదటి ఎనిమిది నెలలు ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి, గిన్నెలు. తర్వాత కమీ 3, కమీ 2 (కమీ అంటే జూనియర్ కుక్), అలా ఒక్కో మెట్టూ ఎక్కి పదకొండేళ్లకు సూ షెఫ్, అంటే కిచెన్‌లో పెద్ద షెఫ్ తర్వాతివాణ్ని, అయ్యాను. డిగ్రీ చేసినవాడు వచ్చేసరికి మనవాడికి మూడేళ్ల సర్వీసు, చేతిలో జీతం ఉంటాయి. శనివారం రాత్రి తొమ్మిదింటికి ఒకేసారి ఇరవై కేఓటీలు, అంటే కిచెన్‌కి వచ్చే ఆర్డర్ చీటీలు, వచ్చి పడతాయి. ఏది ముందు పొయ్యి మీద పెట్టాలో, ఏది ఆపాలో ఏ క్లాసురూములోనూ రాదు. మనం కమీ, సీడీపీ (ఒక్కో విభాగం చూసుకునే షెఫ్), సూ షెఫ్ అంటున్న ఈ వరసకి ఒక పద్ధతి తెచ్చిన ఫ్రెంచ్ షెఫ్ ఎస్కాఫియే కూడా 1859లో, పదమూడేళ్ల వయసులో, నీస్‌లోని బంధువుల రెస్టారెంట్‌లో పనికి చేరినవాడే.

విద్యానగర్ పాత విద్యార్థిని

ఎస్కాఫియే సంగతి నిజమే అన్నయ్యా. కానీ ఆయన నేర్చుకున్నదంతా కొలతలతో రాసిపెట్టాడు. మనం చదువుకుంటున్నది అదే కదా.

నేను హైదరాబాద్ విద్యానగర్‌లోని ఐహెచ్‌ఎంలో, అంటే ప్రభుత్వ హోటల్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్‌లో, చదివాను. అక్కా, మీ నాన్నగారు చూసిన కాలేజీ ఒక్కటే దారి కాదు. ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ అని జాతీయ ప్రవేశ పరీక్ష ఉంది. ఇంగ్లిష్ ఒక సబ్జెక్టుగా ఇంటర్ ఏ గ్రూపులో పాసైనా రాయొచ్చు, సీఈసీ అని వెనకాడక్కర్లేదు. తిరుపతిలో కూడా రాష్ట్ర ప్రభుత్వ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఆరు సెమిస్టర్లలో వంటతో పాటు సర్వీసు, హౌస్‌కీపింగ్, ఫ్రంట్ ఆఫీసు కూడా నేర్పుతారు. ఒక సెమిస్టరంతా హోటల్‌కి ట్రైనింగ్‌కి పంపుతారు.

వంట నాకు ఇంట్లోనే వచ్చు. కాలేజీ నేర్పింది వేరు. మా ప్రాక్టికల్స్‌లో ఒకరోజు మిగిలిన అన్నాన్ని మూతపెట్టి అలాగే బయట వదిలేశాను. సార్ మూత తీసి థర్మామీటర్ గుచ్చి చూపించారు. 5 డిగ్రీలకు, 60 డిగ్రీలకు మధ్య బ్యాక్టీరియా పెరుగుతుంది, వండిన అన్నంలోనూ బతికే రకాలున్నాయి, మళ్లీ వేడి చేసినా అవి వదిలిన విషం పోదు అన్నారు. మా ఇంట్లో రాత్రి అన్నం పొద్దున పోపు పెట్టుకుని తినేవాళ్లం. ఎందుకు జాగ్రత్తగా ఉండాలో ఆరోజే మొదటిసారి అర్థమైంది. వంద మందికి వండేవాడికి ఇది తెలియాలా వద్దా?

కూకట్‌పల్లి సూ షెఫ్

తెలియాలి, కాదనను. కానీ దానికి మూడేళ్లు, ఐదు లక్షలు ఎందుకమ్మా? ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల ఫోస్టాక్ ట్రైనింగ్‌లో నేర్పేది ఇదే. పాతిక మంది పనివాళ్లకు ఒక ట్రైనింగ్ అయిన సూపర్‌వైజర్ ఉండాలన్నది ఆ స్కీమ్ లెక్క. మా ఓనరు నన్నే పంపాడు.

ఒక్క మాట మాత్రం నిజాయితీగా ఒప్పుకుంటాను. పెద్ద స్టార్ హోటల్‌లో ఇంటర్వ్యూకి వెళ్తే, వండి చూపించమని అడగకముందే సర్టిఫికెట్ అడిగారు. ఆరోజు రాత్రి నిద్ర పట్టలేదు.

విజయవాడ హోటల్ యజమాని

ఇద్దరూ చెప్పింది నిజమే కానీ అసలు విషయం పక్కకి పోతోంది. నాకు నలభై సీట్ల హోటల్ ఉంది. డిగ్రీ ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ పెట్టుకున్నాను. డిగ్రీతో వచ్చినవాళ్లలో కొందరు నెల తిరక్కుండా వెళ్లిపోయారు, పని రాక కాదు, ఈ బతుకు ఇలా ఉంటుందని ముందు తెలియక. పదకొండింటికి వచ్చి మూడింటికి వెళ్లి, మళ్లీ ఏడింటికి వచ్చి రాత్రి పదకొండున్నర దాకా. దీన్నే బ్రేక్ షిఫ్ట్ అంటాం. మధ్యలో ఆ నాలుగు గంటలు రూముకి పోయి రావడానికే సరిపోతాయి. పండగ, ఆదివారం, చెల్లెలి పెళ్లిచూపులు, ఏదైనా సరే, ఊరంతా సెలవైన రోజే మనకి రద్దీ.

డిగ్రీ లేకుండా చేరి, చేతిలో మంచి రుచి ఉండి కూడా పదేళ్లు అక్కడే ఉండిపోయినవాళ్లనీ చూశాను. వాళ్లకు లెక్క రాదు. చికెన్ బిర్యానీ ప్లేటు 300కి అమ్ముతాం, సరుకు ఖర్చు 105 దాటకూడదు అనుకుందాం. అంటే 35 శాతం. వడ్డించే కుర్రాడు మంచి మనసుతో ప్లేటుకి 40 గ్రాముల చికెన్ ఎక్కువ వేశాడు. కిలో 250 అయితే ప్లేటుకి 10 రూపాయలు. రోజుకి వంద ప్లేట్లంటే వెయ్యి, నెలకి ముప్పై వేలు. ఒక మనిషి జీతం గరిటె చివర జారిపోయింది. ఇది పట్టుకోగలిగినవాడే షెఫ్ అవుతాడు. పట్టుకోలేనివాడు ఎంత బాగా వండినా వంట మాస్టర్ దగ్గరే ఆగిపోతాడు, నాకది బాధగానే ఉంటుంది. మా దగ్గర పదో తరగతి చదివిన ఒక కుర్రాడు రోజూ స్టోర్ రిజిస్టర్ తనే రాస్తానని అడిగి తీసుకున్నాడు. రెండేళ్లలో కిచెన్ మొత్తం వాడి చేతిలో పెట్టాను.

అమ్మా, మీరు ఇప్పుడే ఎవరికీ ఫీజు కట్టకండి. ముందు రెండు నెలలు మీ ఊళ్లోనే ఏదైనా టిఫిన్ సెంటర్‌లో కానీ మెస్‌లో కానీ చేర్చండి, నాన్నగారి పెళ్లి వంటల్లో కాదు. అక్కడ వాడు యజమాని కొడుకు. ఇక్కడ అంట్లు తోమేవాడు. ఈ తేడా వాడికి తెలియాలి. రెండు నెలలు నిలబడితే అప్పుడు ప్రవేశ పరీక్ష రాయించండి.

పేరు చెప్పలేను

కాలేజీ గురించి ఒకటి చెప్పాలి. నేను చేరిన ప్రైవేటు కాలేజీ నూరు శాతం ప్లేస్‌మెంట్ అని బ్రోచర్‌లో వేసింది. మొదటి ఏడాది నుంచే ట్రైనింగ్ పేరుతో ఓడీసీలకు, అంటే బయటి క్యాటరింగ్ ఫంక్షన్లకు పంపారు. రాత్రి రెండింటి దాకా ట్రేలు మోసి పొద్దున క్లాసుకి. మాకు ఇచ్చింది భోజనం ఒక్కటే. క్యాటరర్ తలకి ఇంత అని కాలేజీకి కడుతున్నాడని తర్వాత తెలిసింది. నాన్న ఫీజు కట్టి నన్ను కూలికి పంపినట్టయింది. అక్కా, చేరేముందు కాలేజీ గేటు బయట చివరి ఏడాది పిల్లల్ని అడగండి: ఓడీసీకి డబ్బు ఎవరు తీసుకుంటారు, ప్రాక్టికల్స్‌లో ఒక్కొక్కరికి ఒక పొయ్యి ఉందా, పదిమంది చుట్టూ నిలబడి చూడటమేనా అని.

విద్యానగర్ పాత విద్యార్థిని

ఈ మాట చదివి చాలా బాధేసింది. ఇలాంటివాళ్లు నాకూ తెలుసు. ఫీజు భారమైతే కేంద్ర పర్యాటక శాఖ 2009-10లో మొదలుపెట్టిన హునర్ సే రోజ్‌గార్ తక్ కోర్సుల గురించి దగ్గర్లోని ఐహెచ్‌ఎంలో అడగండి. అవి కొన్ని వారాల కోర్సులు, ఫీజు ఉండదు. డిగ్రీకి సాటి రావు కానీ కత్తి పట్టడం, శుభ్రత పద్ధతిగా వస్తాయి.

యజమాని గారూ, మీ రెండు నెలల మాటతో నేను ఏకీభవిస్తున్నాను. నాకూ ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. నాతో చేరిన అమ్మాయిల్లో కిచెన్‌లో మిగిలింది ఇద్దరం. రాత్రి పన్నెండింటికి క్యాబ్ ఇవ్వని చోట ఆడపిల్ల ఎలా చేస్తుంది? తమ్ముడి విషయం కాకపోయినా, ఇది చదివే అమ్మాయిలు చేరేముందు జీతంతో పాటు అదీ అడగాలి.

కూకట్‌పల్లి సూ షెఫ్

నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. ముందు పని, తర్వాత పరీక్ష. కానీ పరీక్షలో సీటు రాకపోతే అప్పు చేసి మాత్రం చదివించకండి. అప్పుడు నాకు చెప్పండి, మా కిచెన్‌లో అడుగుతాను. స్టోర్ రిజిస్టర్ కూడా వాడి చేతికే ఇప్పిస్తాను.

నరసరావుపేట అక్క

అందరికీ నమస్కారాలు. రాత్రి ఇవన్నీ నాన్నకి చదివి వినిపించాను. 40 గ్రాముల లెక్క దగ్గర ఆపమన్నారు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ముప్పై ఏళ్లలో నేనెప్పుడూ తూకం వేయలేదు, ఎన్ని పెళ్లిళ్లకి చేతినుంచి పెట్టుకున్నానో" అన్నారు. కాలేజీకి అడ్వాన్సు కట్టడం ఆపేశాం. స్టేషన్ దగ్గరి టిఫిన్ సెంటర్‌లో నాన్నే మాట్లాడారు, సోమవారం తెల్లవారుజామున నాలుగున్నరకి రమ్మన్నారు. ముందు పప్పు రుబ్బడం, గిన్నెలు. తమ్ముడు అలారం పెట్టుకున్నాడు. నాన్న బజారుకెళ్లి వాడికో చిన్న తూకం మిషన్ కొనుక్కొచ్చారు.