స్టాటిస్టిక్స్ క్లాసు ఎట్ల గట్టెక్కాలె? దేవరకొండ నర్సు అడుగుతున్నది

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది దేవరకొండ దిక్కు. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి, అమెరికా నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ పాసై టెక్సస్ వచ్చిన. ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) నుంచి బీఎస్‌ఎన్ (నర్సింగ్ డిగ్రీ) చేయాలంటె స్టాటిస్టిక్స్ తప్పదంటున్నరు. ఇంటర్‌ల బైపీసీ, లెక్కలు పదో తరగతితోనే బందైనయి. ఆగస్టుల కమ్యూనిటీ కాలేజీల చేరాలనుకుంటున్న. వారానికి మూడు నైట్ డ్యూటీలు. ఏడ మొదలువెట్టాలె, ఏడ తప్పుతరు, జర ఇవరంగ చెప్పున్రి.

మిర్యాలగూడ, ఇప్పుడు న్యూజెర్సీ:

చెల్లె, లెక్కల కన్న ముందు కాయితం పని చూస్కో. బీఎస్‌ఎన్ చేయబోయే యూనివర్సిటీకి మెయిల్ పెట్టి, "ఫలానా కాలేజీల ఫలానా నంబరు కోర్సు మీరు తీస్కుంటరా" అని అడుగు. ఫోన్ల అడిగితె రేపు ఇంకొకరు కాదంటరు, రాతల జవాబు ఉండాలె. ఎలిమెంటరీ స్టాటిస్టిక్స్ తీస్కొని బిజినెస్ స్టాటిస్టిక్స్ వద్దనే నర్సింగ్ కాలేజీలున్నయి. సీ గ్రేడ్ చాలునా, బీ కావాల్నా, కోర్సు ఎన్నేండ్ల దాక చెల్లుతదో సుత అదే మెయిల్ల అడిగెయ్.

తర్వాత 16 వారాలదా, 8 వారాలదా అన్నది. మూడు క్రెడిట్లంటె వారానికి 3 గంటల క్లాసు, దానికి రెండింతలు ఇంటికాడ చదువు, మొత్తం 9 గంటలని కాలేజీలోళ్ల లెక్క. 8 వారాలదాంట్ల గదే పాఠాన్ని కుదించి పెడతరు కాబట్టి 18 గంటలైతది. పన్నెండు గంటల నైట్లు మూడు చేస్కుంట 18 గంటలు ఏడికెల్లి తెస్తవ్? ఒక్క వారం జరమొస్తె రెండు చాప్టర్లు పోతయి. 16 వారాలదే తీస్కో. కోరిక్విజిట్ అని పాత లెక్కలు మళ్ల చెప్పే క్లాసు జోడించిన సెక్షన్ ఉంటె నామోషీ పడకుండ అదే తీస్కో.

పుస్తకం సిలబస్ చేతికొచ్చినంకనే కొను. పాత పుస్తకం అగ్గువకు దొరికిందని కొంటరు, దాంట్ల హోంవర్క్ వెబ్‌సైట్ కోడ్ అప్పటికే వాడేసి ఉంటది. కోడ్ మళ్ల విడిగ కొనాలె. చదువుకొనుటానికైతె ఓపెన్‌స్టాక్స్ వాళ్ల స్టాటిస్టిక్స్ పుస్తకం ఇంటర్నెట్‌ల ఫ్రీగ ఉన్నది.

సూర్యాపేట, ఇప్పుడు ఒహాయో:

అక్కా, క్యాల్కులేటర్ సంగతి నేను చెప్త. ఎక్కువ క్లాసులల్ల టీఐ-84 అడుగుతరు. కొనేముందు కాలేజీ లైబ్రరీల అడగండి, సెమిస్టర్ మొత్తానికి అప్పిచ్చే కాలేజీలు బాగనే ఉన్నయి. ఫోన్‌ల యాప్ పెట్టుకొని నేర్చుకోకండి, పరీక్షల ఫోన్ ముట్టనియ్యరు.

క్లాసు మొదలయ్యే ముందే ఈ లెక్క చేసి చూడండి. అయిదుగురి పల్స్ 72, 76, 80, 84, 88. స్టాట్ ఒత్తి, ఎడిట్‌ల ఎల్1 కింద అయిదు అంకెలు కొట్టండి. మళ్ల స్టాట్, కుడిదిక్కు క్యాల్క్, అందుల మొదటిది వన్-వార్ స్టాట్స్. సగటు 80 వస్తది. దాని కింద రెండు స్టాండర్డ్ డీవియేషన్లు (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరినయో చెప్పేవి) కనవడ్తయి. ఎస్‌ఎక్స్ 6.32, సిగ్మాఎక్స్ 5.66. సగం క్లాసు ఇక్కడనే మార్కులు పోగొట్టుకుంటది. తేడాల వర్గాలు కలిపితె 160. దాన్ని 4తోని భాగించి వర్గమూలం తీస్తె మొదటిది, 5తోని భాగించి వర్గమూలం తీస్తె రెండోది. ఆ అయిదుగురు పెద్ద గుంపుల నుంచి తీసిన శాంపిల్ అయితె ఎస్‌ఎక్స్ రాయాలె. వార్డుల మొత్తం ఉన్నదే అయిదుగురు, వాళ్ల గురించే అడిగిండంటె సిగ్మాఎక్స్.

పాత అంకెలు తుడవాల్నంటె పైకి పోయి ఎల్1 అన్న పేరు మీద ఆగి క్లియర్, ఎంటర్. డిలీట్ ఒత్తితె మొత్తం ఎల్1 ఏ మాయమైతది. పరీక్షల గట్లైతె గాబరా పడకండి: స్టాట్, 5, ఎంటర్, తిరిగొస్తది. రిగ్రెషన్ల (రెండు అంకెల నడుమ సంబంధం చూసే లెక్కల) ఆర్ విలువ కనిపిస్తలేదని చాలామంది మెషీన్ ఖరాబైందనుకుంటరు. సెకండ్, సున్న ఒత్తి క్యాటలాగ్‌ల డయాగ్నస్టిక్ ఆన్ వెతికి రెండుసార్లు ఎంటర్ కొట్టాలె.

నార్మల్ కర్వ్‌కు (గంట ఆకారం గీతకు) సెకండ్, వార్స్ ఒత్తి రెండోదైన నార్మల్‌సీడీఎఫ్. సగటు బీపీ 120, డీవియేషన్ 10, అయితె 140 దాటినోళ్లు ఎందరు? కింది హద్దు 140, పై హద్దు 1ఈ99, తర్వాత 120, 10. జవాబు 0.0228, అంటె నూటికి రెండు మీద కొంచెం. ఆ ఈ అక్షరం సెకండ్, కామా ఒత్తితె వస్తది. పెద్దగ వచ్చే అంకె చివర్ల ఈ ఉంటె మాత్రం పైలం: స్క్రీన్ మీద 3.2ఈ-4 అని ఉంటె అది 3.2 కాదు, 0.00032. పీ వాల్యూ 3.2 అని రాస్తె దిద్దేటాయనకు తెలిసిపోతది, పీ వాల్యూ అంటె ఒక అవకాశం లెక్క, 1 దాటదు కదా.

ఇంకో మాట. జడ్ స్కోరును (సగటు నుంచి ఎన్ని డీవియేషన్ల దూరమో చెప్పేదాన్ని) ఇక్కడ జీ స్కోర్ అంటరు. బీటాను బేటా అంటరు, వినంగనే ఎవరో కొడుకును పిలిచినట్టుంటది.

పాలమూరు, ఇప్పుడు డాలస్:

క్యాల్కులేటర్ బాగనే చెప్పిండు తమ్ముడు, గని కొందరు ప్రొఫెసర్లు పరీక్షల జడ్ టేబుల్ మాత్రమే ఇస్తరు. మొదటి వారమే అడుగు తల్లీ. ఎక్కువ టేబుళ్లు ఎడమ దిక్కు భాగమే చెప్తయి. 140 అంటె జడ్ 2, టేబుల్‌ల 0.9772 ఉంటది. "దాటినోళ్లు" అంటె 1లకెల్లి తీసెయ్యాలె. బొమ్మ గీసి, అడిగిన భాగం పెన్సిల్‌తోని నింపకుండ జవాబు రాయకు.

నువ్వు నల్లగొండదానివి, సగటుకు, మీడియన్‌కు తేడా నీకు ఫ్లోరైడ్‌తోనే చెప్త. అయిదు బోర్ల నీళ్లు పరీక్ష చేసినమనుకో, లీటరుకు మిల్లీగ్రాములల్ల 0.8, 0.9, 1.1, 1.2, 6.0. డబ్ల్యూహెచ్‌ఓ హద్దు 1.5. సగటు 2.0, ఊరంత హద్దు దాటినట్టు. మీడియన్, అంటె వరుసల నడిమి అంకె, 1.1, ఊరంత సల్లగ ఉన్నట్టు. 6.0 ఉన్న బోరు నీళ్లు తాగే ఇంటోళ్లను మీడియన్ దాచిపెట్టింది, బాగున్న నాలుగు బోర్లను సగటు బద్నాం చేసింది. అందుకే అంకె ఒక్కటే రాసి ఊకోకుండ బొమ్మ సుత గీయమంటరు. డేటా ఒక దిక్కు గుంజుకపోతె మధ్యలున్న విలువ చెప్పుటానికి మీడియన్ అని రాయి, ఎందుకో ఒక వాక్యం చేర్చు. ఆ వాక్యానికే మార్కులు.

శాంప్లింగ్‌ల ఏది స్ట్రాటిఫైడ్, ఏది క్లస్టర్ అని పరీక్షల తప్పక వస్తది. జిల్లాను సాగర్ ఆయకట్టు, మెట్ట అని విడగొట్టి, రెండు దిక్కుల నుంచి కొంతమందిని తీస్కుంటె స్ట్రాటిఫైడ్. నాలుగు ఊర్లను చీటీ వేసి తీసి, ఆ ఊర్లల్ల ఇల్లిల్లూ తిరిగితె క్లస్టర్. పెద్దాసుపత్రి ఎముకల ఓపీ కాడ నిలబడి "జిల్లాల ఎందరికి మోకాళ్ల నొప్పి" అని లెక్కతీస్తె అది కన్వీనియెన్స్, ఆ లెక్క దేనికీ పనికిరాదు.

దేవరకొండ: మస్తు థాంక్స్. క్లాసు సామాను ముందే చూసిన, పీ వాల్యూ కాడ బుర్ర తిరుగుతున్నది. 0.03 అంటె మందు పనిచేయకపోవుటానికి నూటికి మూడు వంతుల అవకాశమా?

హుజూర్‌నగర్, ఇప్పుడు చికాగో:

కాదమ్మా, అందరు జారేది ఆడనే. ముందుగాల మందు ఉత్తదే అనుకోవాలె, అది నల్ హైపోథెసిస్. ఉత్త మందే అయినా, మనం చూసినంత తేడా గాని, అంతకు మించి గాని, శాంపిల్ల దానంతట అదే వచ్చే అవకాశం నూటికి మూడు. ఇంతే. మందు గురించి గాదు, మన డేటా గురించిన మాట. హద్దు 0.05 అయితె నల్‌ను రిజెక్ట్ చేస్తం.

0.20 వస్తె "నల్ యాక్సెప్ట్ చేస్తున్నం" అని రాయొద్దు, "ఫెయిల్ టు రిజెక్ట్" అని రాయాలె. బ్లడ్ కల్చర్ రిపోర్టుల నో గ్రోత్ అని వస్తె ఇన్‌ఫెక్షన్ లేదని ఖాయంగ అంటవా? దొరకలేదంటవు. ఇదీ అంతే. శాంపిల్ చిన్నగుంటె ఉన్నది సుత దొరకదు, అది టైప్ 2 తప్పు. లేనిదాన్ని ఉన్నదనుడు టైప్ 1.

95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ సుత చూడు. 25 మంది పేషెంట్లు, సగటు పల్స్ 80, డీవియేషన్ 10. స్టాండర్డ్ ఎర్రర్ అంటె 10ని 25 వర్గమూలమైన 5తోని భాగిస్తె 2. 24 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడంకు (25లకెల్లి 1 తీస్తె) టీ టేబుల్‌ల విలువ 2.064, దాన్ని 2తోని గుణించి 80కి అటు ఇటు పెడితె 75.87 నుంచి 84.13 దాక. "నూటికి 95 మంది పేషెంట్ల పల్స్ ఈ మధ్యల ఉంటది" అని రాస్తె సున్న. ఇది సగటు ఏడ ఉండొచ్చో చెప్పే హద్దు, మనుషుల హద్దు కాదు.

నర్సుకు నిజంగ పనికొచ్చేది స్క్రీనింగ్ లెక్క. ఫార్ములా బట్టీ కొట్టకు, వెయ్యి మందిని పెట్టుకో. రోగం నూటికి ఇద్దరికి, సెన్సిటివిటీ (రోగమున్నోళ్లను పట్టేది) 90, స్పెసిఫిసిటీ (లేనోళ్లను లేదని చెప్పేది) 95 శాతం. రోగులు 20 మంది, అందుల 18 పాజిటివ్. బాగున్నోళ్లు 980, అందుల 49 మందికి ఉత్తగనే పాజిటివ్. మొత్తం పాజిటివ్‌లు 67, నిజంగ రోగమున్నది 18, అంటె 27 శాతం. అదే పరీక్ష రోగం ఎక్కువున్న వార్డుల చేస్తె ఈ శాతం పెరుగుతది, పరీక్ష మారకుండనే. ఐసీయూల వచ్చిన పాజిటివ్‌కు, క్యాంపుల వచ్చిన పాజిటివ్‌కు డాక్టర్లు ఒక్క తీరుగ ఎందుకు భయపడరో ఇప్పుడు అర్థమైతది.

"యట్ లీస్ట్ 3" అంటె తక్కువల తక్కువ 3, మూడు సుత లెక్కల వస్తది. క్యాల్కులేటర్ల 1లకెల్లి బైనామ్‌సీడీఎఫ్ (ఆ అంకె దాక వచ్చే అవకాశం మొత్తం) తీసెయ్యాలె, ఆఖరి అంకె 2 పెట్టాలె, 3 కాదు. "మోర్ దన్ 3" అంటె మాత్రం 3 పెట్టాలె.

మిర్యాలగూడ, ఇప్పుడు న్యూజెర్సీ:

ఒకటి మరిచిన. సిలబస్‌ల రెండు తారీఖులు ఫోన్ల ఎక్కించుకో. డ్రాప్ తారీఖు లోపల తప్పుకుంటె ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఏం పడదు. అది దాటి విత్‌డ్రా తారీఖు లోపలైతె డబ్ల్యూ పడ్తది, పైసలు మామూలుగ వాపస్ రావు గని జీపీఏ కరాబ్ గాదు. రెండూ దాటితె వచ్చిన గ్రేడే. మొదటి మిడ్‌టర్మ్ మార్కులు విత్‌డ్రా తారీఖు కన్న ముందు వస్తయా అని చూస్కో. నీది ఎఫ్-1 (చదువు) వీసా అయితె ఇంటర్నేషనల్ ఆఫీసుల అడగకుండ ఏ కోర్సూ వదలకు, 12 క్రెడిట్ల కన్న కిందికి పోతె వీసాకే ముప్పు.

ట్యూటరింగ్ సెంటర్‌కు తప్పు చేసిన లెక్క కాయితం పట్టుకొనిపో. "అర్థమైతలేదు" అని ఉత్త చేతులతోని పోతె వాళ్లు మొదటికెల్లి పాఠం చెప్తరు, గంట అయిపోతది.