పాత లారీ హౌసింగ్‌లో సింథటిక్ గేర్ ఆయిల్ పోయొచ్చా?

గ్రానైట్ లోడు, ఒంగోలు
మాది పాత టాటా 1613. చీమకుర్తి నుంచి చెన్నైకి గ్రానైట్ పలకలు తోలుతాం. వెనక యాక్సిల్ గేర్లుండే హౌసింగ్‌లో మొదటి నుంచీ ముడి చమురు నుంచి తీసే మినరల్ ఆయిలే, చిక్కదనం నంబరు 140. కొత్త బండ్లు తిప్పే మా బావ 75డబ్ల్యూ-90 సింథటిక్ పోయమంటున్నాడు. వేడి తగ్గుతుంది, డీజిల్ కలిసొస్తుంది, మాటిమాటికీ మార్చే పని ఉండదు అంటాడు. మా మేస్త్రి మాత్రం పాత బండికి సింథటిక్ పోస్తే ఆయిల్ ఆపే రబ్బరు సీళ్ళన్నీ కారతాయంటున్నాడు. పినియన్ (హౌసింగ్ ముందున్న చిన్న గేరు) సీల్ దగ్గర ఇప్పటికే కొంచెం చెమ్మ ఉంది. ఎవరి మాట వినమంటారు?

హైవే బండి, సూర్యాపేట
మీ బావ మాటే వినండన్నా. సింథటిక్ వేడికి తొందరగా మాడిపోదు, జిగురు కట్టదు. అమెరికాలో లాంగ్ రూట్ లారీల యాక్సిల్ కంపెనీలు మినరల్‌ని సుమారు లక్ష మైళ్ళకి మార్చమంటే, తాము ఒప్పుకున్న సింథటిక్‌కి ఐదు లక్షల మైళ్ళ దాకా గడువిచ్చాయి. సీళ్ళు కారడం తొలి రోజుల్లో వచ్చిన మాట. అప్పటి సింథటిక్ ఆయిల్‌కి రబ్బరు కుంచించుకుపోయేది. ఇప్పుడు రబ్బరు మెత్తగా ఉండేలా అందులో ఎస్టర్లనే రసాయనాలు కలుపుతున్నారు.

హౌసింగ్ పని, విజయవాడ ఆటోనగర్
తమ్ముడూ, ఎస్టర్ల సంగతి నిజమే. కానీ ఆ ఐదు లక్షల మైళ్ళు సీళ్ళు, బేరింగులు బాగున్న బండ్లకి ఇచ్చిన గడువు. ఇక్కడ అడుగుతున్నది సీల్ చెమ్మగిల్లిన 1613 గురించి.

అసలు విషయం ఇంకొకటుంది, దాన్ని అందరూ దాటేస్తున్నారు. 140 తీసి 75డబ్ల్యూ-90 పోస్తే ఒకేసారి రెండు మార్పులు జరుగుతాయి. మినరల్ పోయి సింథటిక్ రావడం ఒకటి, చిక్కదనం తగ్గిపోవడం రెండోది. 100 డిగ్రీల దగ్గర 90 ఆయిల్ చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్ లోపు ఉంటుంది. 140కి 24 నుంచి 32.5 లోపు. అంటే ఇంచుమించు సగానికి పడిపోతుంది. అరిగిన సీల్ పక్కనుంచి పల్చటి ఆయిల్ కారితే ఆ నింద సింథటిక్ మీద పడుతోంది. మినరల్ 90 పోసినా అది కారేదే.

ఇక 75డబ్ల్యూ అంటే సున్నాకి 40 డిగ్రీలు కింద కూడా ఆయిల్ కదులుతుందన్న హామీ. మే నెల ఎండల్లో తిరిగే బండికి అది దేనికి? క్రౌన్ అనే పెద్ద గేరు మధ్య గీతకి కిందుగా పినియన్ కూర్చునే హైపాయిడ్ గేర్లు ఇవి. పళ్ళు దొర్లడమే కాదు, ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ జారతాయి. లోడు మీద ఎత్తెక్కేటప్పుడు మధ్యలో ఆయిల్ పొర నిలవాలి. పళ్ళు అరిగిన పాత సెట్‌కి పల్చటి ఆయిల్ పోయడం నాకు సమ్మతం కాదు.

హైవే బండి, సూర్యాపేట
గ్రేడు గురించి మీరన్నది ఒప్పుకుంటాను గురువుగారూ. అలాగైతే సింథటిక్‌లోనే 75డబ్ల్యూ-140 దొరుకుతుంది కదా? చిక్కదనం తగ్గదు, వేడికీ నిలుస్తుంది. ఎండాకాలం ఫుల్ లోడు దింపాక హౌసింగ్ మీద చెయ్యి పెట్టలేం. సింథటిక్ అక్కరకొచ్చేది అక్కడే.

గ్రానైట్ లోడు, ఒంగోలు
ధర మాత్రం రెండు మూడింతలుంది. ఇంకో సందేహం, మిగిలిన డబ్బా గేర్ బాక్స్‌లో పోసుకోవచ్చా?

హౌసింగ్ పని, విజయవాడ ఆటోనగర్
వద్దు. హౌసింగ్‌కి జీఎల్-5 రకం, అంటే గేర్ల మీద గట్టి ఒత్తిడిని తట్టుకునే ఆయిల్ కావాలి. అందులో సల్ఫర్, ఫాస్ఫరస్ మందు ఎక్కువ. ఆ సల్ఫర్‌కి గేర్ బాక్స్‌లో గేర్లు సాఫీగా పడేలా చూసే ఇత్తడి సింక్రో రింగులు దెబ్బతినొచ్చు. దానికి మాన్యువల్‌లో రాసిన ఆయిలే పోయండి.

తమ్ముడు చెప్పిన 75డబ్ల్యూ-140కి నాకు అభ్యంతరం లేదు, కానీ ముందు చేయాల్సిన పనులున్నాయి. మొదట హౌసింగ్‌లోకి గాలి ఆడే బ్రీదర్ విప్పి చూడండి. మట్టితో మూసుకుపోయి ఉంటే హౌసింగ్ వేడెక్కినప్పుడు లోపల గాలి ఒత్తిడి పెరిగి ఆయిల్‌ని సీళ్ళలోంచి తోస్తుంది. చాలాసార్లు కారడానికి కారణం ఇదే, ఖర్చేమీ లేని పని. తర్వాత ప్రొపెల్లర్ షాఫ్ట్ బిగించే పినియన్ ఫ్లాంజ్ మీద సీల్ కూర్చునే చోట గాడి పడిందేమో గోరుతో తడమండి. గాడి ఉంటే కొత్త సీల్ వేసినా నిలవదు, స్లీవ్ (పల్చటి లోహపు తొడుగు) ఎక్కించాలి, లేదా ఫ్లాంజ్ మార్చాలి. చక్రాల హబ్ సీళ్ళని అస్సలు అశ్రద్ధ చేయకండి. అక్కడ కారిన ఆయిల్ బ్రేక్ లైనింగ్ మీదికి వెళ్తుంది. లోడు బండికి బ్రేక్ పట్టకపోతే రోడ్డు మీద మనుషులు పోతారు. ఆయిల్ ఏదన్నది దాని తర్వాతి మాట.

హైవే బండి, సూర్యాపేట
ఇవన్నీ చేయించాక సింథటిక్ పోస్తే ఎక్కువ దూరం తిప్పుకోవచ్చుగా? లేకపోతే అంత ఖర్చు దేనికి?

హౌసింగ్ పని, విజయవాడ ఆటోనగర్
పాత హౌసింగ్‌కి ఎక్కువ గడువు ఇవ్వలేను. కాగిన హౌసింగ్ వానాకాలం వాగు నీళ్ళలో దిగితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోయి బ్రీదర్ నుంచి, సీళ్ళ నుంచి నీళ్ళు పీల్చుకుంటుంది. ఆయిల్ పాలరంగుకి తిరిగితే సింథటిక్ అయినా పారబోయాల్సిందే. అరుగుడు పొడి సంగతీ అంతే, ఎంత ఖరీదైన ఆయిలైనా దాన్ని మాయం చేయలేదు. అందుకే మినరల్ 85డబ్ల్యూ-140 జీఎల్-5 పోసి, గడువు దాటకుండా మార్చమంటాను.

హైవే బండి, సూర్యాపేట
నీళ్ళలో దిగని రూటు ఆయనది. నా మాట అదే, రిపేరు చేయించి సింథటిక్ 140 పోయండన్నా.

గ్రానైట్ లోడు, ఒంగోలు
ఆదివారం బండి ఆపుతున్నా. ముందు బ్రీదర్, ఫ్లాంజ్, హబ్ సీళ్ళు చూపిస్తాను. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతం మీద మెత్తటి పేస్ట్ ఉందో, ముక్కలు ఉన్నాయో ఫొటో పెడతాను. ముక్కలుంటే క్రౌన్ సెట్ విప్పాల్సిందేనా?

హౌసింగ్ పని, విజయవాడ ఆటోనగర్
గోటికి తగిలే ముక్క ఒక్కటున్నా విప్పండి.